మైకు పడని మైకమ్మ

మా వదిన గొంతు ఊళ్ళో అందరికీ తెలుసు. మొహం మాత్రం ఎవరికీ తెలియదు. బస్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో పందొమ్మిదేళ్ళుగా మైకులో చెప్పేది ఆవిడే. ఇరవై రెండు ప్లాట్‌ఫారాలు, రోజంతా వచ్చిపోయే వందల బస్సులు. ఆవిడ కూర్చునే గది మొదటి అంతస్తులో మెట్ల పక్కన ఉండేది. కిటికీ అద్దానికి నల్ల కాగితం అంటించారు. లోపలి నుంచి ఆవిడకు అందరూ కనిపిస్తారు, బయటి నుంచి ఆవిడ ఎవరికీ కనిపించదు. డ్రైవర్లూ కండక్టర్లూ కలిసి మైకమ్మ అని పేరు పెట్టారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు.

ఇంట్లో కూడా ఆవిడ మామూలుగా మాట్లాడితే మాకు వింతగా ఉండేది. "ప్రయాణికులకు మనవి. భోజనం బల్ల మీదికి వచ్చి పది నిమిషాలైంది. మా ఆయన ఇంకా స్నానాల గదిలోనే ఆగి ఉన్నారు" అని వంటింట్లోంచి వినబడితే, మా అన్నయ్య నెత్తిన సబ్బు నురగతోనే పరిగెత్తుకొచ్చేవాడు. నేను వాళ్ళ పై అంతస్తులో ఉంటాను. బడిలో లెక్కలు చెబుతాను. ఆ ప్రకటనలు నాకూ చేరేవి కాబట్టి, పిలవకపోయినా దిగివచ్చి కంచం పెట్టుకునేదాన్ని.

ఇక వదిన నవ్వు. అది మొదలైతే ఆగదు. కళ్ళ నీళ్ళు కారి, పొట్ట పట్టుకుని, గోడకు జారగిలబడి, చివరికి నేల మీద కూలబడి "ఎవరైనా ఆపండర్రా" అని బతిమాలుకునే దాకా నవ్వుతుంది. పక్కనున్నవాళ్ళకు కారణం తెలియకుండానే అంటుకుంటుంది. మా అన్నయ్య పెళ్ళిచూపుల్లో ఆవిడకు అలాంటి నవ్వు వచ్చిందట. తను ఏం మాట్లాడితే నవ్వు వచ్చిందో అన్నయ్య ఈనాటికీ చెప్పడు.

ఆ నవ్వు తగ్గిందని మొదట పట్టుకున్నది నేను. బస్టాండును కొత్తగా బాగుచేసిన ఏడాది అది. వదిన గదిలో పాత మైకూ దాని బారెడు తీగా తీసేసి, తీగ లేని మైకు పెట్టారు. గోడ నిండా తెరలు బిగించారు. ప్రయాణికుల ఫోన్లకు వైఫై ఇవ్వాలని రెండు తెల్ల పెట్టెలు తెచ్చి, వేరే చోటు లేదన్నట్టు, సరిగ్గా ఆవిడ కుర్చీ వెనకాల తలకు జానెడు ఎత్తులో తగిలించారు.

మూడు వారాలు తిరిగేసరికి వదిన చెవులు కాలుతున్నాయంది. బుగ్గలకు మిరియాల పొడి రాసినట్టుందంది. తలలో పాత ఫ్రిజ్జు ఆడుతున్నట్టు సన్నటి రొద. వేళ్ళ కణుపులు వాచి ఉంగరం దిగనని మొరాయించింది. సెలవు రోజున కాస్త తెరిపిగా ఉండేది, మర్నాడు గదిలో కూర్చోగానే మళ్ళీ మొదలు. తర్వాత ఫోను చెవి దగ్గర పెట్టుకున్నా అదే మంట. ఆ తర్వాత పక్కనున్నవాళ్ళ ఫోను మోగినా అదే మంట.

మొదట చూసిన డాక్టరు వయసు అన్నాడు. రెండో ఆయన ఆలోచనలు తగ్గించమన్నాడు. "ఏ ఆలోచన తగ్గించాలో చెప్పండి, లిస్టు రాసుకుంటా" అని వదిన అడిగితే ఆయన తర్వాతి పేషెంటును పిలిచాడు. అప్పుడు ఆవిడే గ్రంథాలయానికి వెళ్ళి నాలుగు మధ్యాహ్నాలు కూర్చుని చదివి వచ్చింది. వచ్చీరాగానే హాల్లో నిలబడి ప్రకటించింది:

"నాకు వచ్చినదాని పేరు దొరికింది. విద్యుదయస్కాంత తరంగాల అతిసున్నితత్వం. ప్రపంచంలో చాలామందికి ఉందట."

పందొమ్మిదేళ్ళ అనుభవం కదా, ఊపిరి తీసుకోకుండా అనేసింది. మా అన్నయ్య వల్ల కాలేదు. "విద్యు... విద్యు దయ... ఎవరా దయమ్మ?" అన్నాడు.

అంతే, చాలా రోజుల తర్వాత వదిన నేల మీద కూలబడింది. నేను ఆవిడ పక్కన కూలబడ్డాను. ఆ రోజు నుంచి ఆ జబ్బు మా ఇంట్లో దయమ్మ అయింది. "దయమ్మ వచ్చిందా?" అని అన్నయ్య సాయంత్రం గుమ్మంలోంచే అడిగేవాడు. "వచ్చింది. మధ్యాహ్నమే దిగింది, కుడి బుగ్గ మీద మకాం" అనేది వదిన. పేరుకే దయ గానీ ఆవిడకు బొత్తిగా లేదని ముగ్గురం తీర్మానించాం.

మూడో డాక్టరు ఒక డాక్టరమ్మ. ముక్కు మీద కళ్ళజోడు జారుతూ ఉంటే ఎగదోసుకుంటూ ముప్పావుగంట విన్నది. రక్తం తీయించింది. కాగితం వచ్చాక వదిననూ నన్నూ కూర్చోబెట్టి చెప్పింది.

"మీ రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ గుర్తులు కొంచెం ఎక్కువగా ఉన్నాయి. దెబ్బ తగిలిన చోట ఎర్రబడి, వాచి, కాలుతుంది కదా? అలాంటిది ఒంట్లో ఎక్కడో సన్నగా రగులుతోందన్నమాట."

"తరంగాల వల్లేనా అండీ?" అంది వదిన, కుర్చీ అంచుకు జరిగి.

"అది చెప్పలేను. సంబంధం ఉండొచ్చని కొందరు అనుమానిస్తున్నారు, ఇంకా తేలలేదు. ఇంకో సంగతి కూడా మీకు చెప్పాలి. వైఫై పెట్టె వేసి ఉందో ఆపి ఉందో తెలియనివ్వకుండా పరీక్ష పెడితే, మీలాంటివాళ్ళు చాలామంది కనిపెట్టలేకపోయారు."

వదిన మొహం ముడుచుకుంది. "అంటే నేను కల్పించుకుంటున్నానా?"

"ఆ మాట నేను అనలేదమ్మా. మీ మంట నిజం. కారణమే తెలియాల్సింది." కళ్ళజోడు మళ్ళీ ఎగదోసుకుంది. "వెతుకుదాం. నెల తర్వాత రండి."

నెల ఆగడం మా అన్నయ్య వల్ల కాలేదు. ఆయనది రేకు పని. పెద్ద భవనాల్లో చల్లగాలి పారే గొట్టాలను షెడ్డులో రేకు కత్తిరించి, వంచి, రివిట్లు కొట్టి తయారుచేస్తాడు. ఏ బాధ వచ్చినా రేకుతో పరిష్కారం ఉంటుందని ఆయన గట్టి నమ్మకం. లోహపు గదిలోకి తరంగాలు చొరబడవని ఎవరో అన్నారట. ఒక శని ఆదివారాలు పట్టుకుని పడకగది నాలుగు గోడలకూ కప్పుకూ తలుపు లోపలివైపుకూ జింకు రేకులు బిగించాడు. మేకుల చప్పుడుకు వీధి వీధంతా వచ్చి తొంగిచూసి వెళ్ళింది. చూసినవాళ్ళలో ఒకాయన, పాపం మంచి మనసుతోనే, "ఏం నిలవ చేస్తున్నారు?" అని అడిగాడు.

"భార్యని" అన్నాడు అన్నయ్య.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వదిన అందులోకి ప్రవేశించింది. అన్నయ్యా నేనూ వెంట వెళ్ళాం. తలుపు మూశాం. గిన్నెలోకి దిగినట్టుంది. నా మొహం గోడలో పొడుగ్గా సాగి కనిపించింది, అన్నయ్యది అడ్డంగా. వదిన మంచం మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకుంది. అయిదు నిమిషాలు గడిచాయి.

"తగ్గుతోంది. పిల్లా, నిజంగా తగ్గుతోంది. బుగ్గలు కుండలో నీళ్ళలా చల్లగా ఉన్నాయి."

అన్నయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడే ఆవిడకు తుమ్ము వచ్చింది. ఆ తుమ్ము నాలుగు గోడలకూ కొట్టుకుని కప్పు దాకా ఎక్కి దిగింది. వదిన ఫక్కున నవ్వింది. గది తిరిగి నవ్వింది. ఆ నవ్వు విని ఆవిడ ఇంకా నవ్వింది. రేకులు గలగలలాడుతుంటే మేం ముగ్గురం మంచానికి తలో కోడూ పట్టుకుని ఊపిరాడక గిలగిల్లాడాం. రెండు గంటలు ఆ గదిలోనే గడిపాం. వదిన కూనిరాగం తీసింది, గది వంత పాడింది. ఏడాదిలో అంత హాయిగా ఆవిడను చూడలేదు.

సరిగ్గా అప్పుడు తలుపు వెనక కొక్కేనికి తగిలించిన అన్నయ్య చొక్కా మోగింది.

ముగ్గురం చొక్కా వైపు చూశాం. అది ఆగకుండా మోగుతోంది. అన్నయ్య వెళ్ళి జేబులోంచి ఫోను తీశాడు. షెడ్డులో ఆయన పక్కన పనిచేసే మనిషి. "ఆ... రేపు పొద్దున్నే వస్తా... ఆ, బాగా వినబడుతోంది" అన్నాడు, చివరి మాట దగ్గర గొంతు తగ్గించి. తలుపు కింద రెండు వేళ్ళ సందు వదిలేశానని అప్పుడు గుర్తొచ్చిందట. గుర్తొచ్చినా ఏం లాభం? ఫోను లోపలే ఉంది. రెండు గంటలుగా వదిన తలకు బారెడు దూరంలోనే ఉంది.

"అది ఇందాకట్నించీ ఆన్‌లోనే ఉందా?" అంది వదిన నెమ్మదిగా.

"ఉంది" అన్నాడు అన్నయ్య, దొంగతనం చేసి దొరికినవాడిలా.

"మరి నాకు చల్లగా ఎందుకుంది?"

వదిన మంచం దిగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నా వైపు తిరిగింది. "మరదలా, నువ్వు లెక్కల టీచరువి. డాక్టరమ్మ చెప్పిన పరీక్ష పెట్టగలవా? నాకు తెలియాలి. నన్ను గెలిపించడానికి మాత్రం చూడకు."

తర్వాతి ఆదివారానికి ఏర్పాట్లు చేశాను. ఫోన్లన్నీ ఆపి పై అంతస్తులో బీరువాలో పెట్టాను. మా ఇంటి వైఫై పెట్టెను దాని లైట్లు కనబడకుండా గుడ్డసంచీలో వేసి హాల్లో వదిన కుర్చీ కింద ఉంచాను. తీగ తలుపు కింద నుంచి బయటికి లాగి, మెట్ల మీద స్విచ్చు దగ్గర నేను కూర్చున్నాను. నాణెం ఎగరేస్తాను. బొమ్మ పడితే వేస్తాను, బొరుసు పడితే ఆపుతాను. అయిదు నిమిషాల తర్వాత తలుపు తడతాను. దయమ్మ ఉందో లేదో వదిన చెబుతుంది, ఎదురుగా కూర్చున్న అన్నయ్య రాసుకుంటాడు. నాణెం ఏం చెప్పిందో అన్నయ్యకు కూడా తెలియదు. తెలిస్తే ఆయన మొహంలో అక్షరాలా చదివేయొచ్చు.

ఇరవై సార్లు. దాదాపు రెండు గంటలు. మెట్ల మీద కూర్చుని నాణెం ఎగరేసుకుంటున్న నన్ను చూసి, పైకి వెళ్ళేవాళ్ళూ కిందికి వచ్చేవాళ్ళూ పక్కకు ఒదిగి నడిచారు. లోపల నుంచి వదిన గొంతు వినిపిస్తూనే ఉంది. "ఉంది!" "లేదు." "లేదు." ఆరోసారి మాత్రం "ఉంది! బుగ్గ మండిపోతోంది, రాసుకోండి, గీత కూడా కొట్టండి కింద!" అంది. నా చేతిలో కాగితం మీద ఆరో నంబరు పక్కన బొరుసు అని రాసి ఉంది.

అయిపోయాక రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఇరవైకి తొమ్మిది. నాణేన్నే అడిగినా పది దాకా సరిగ్గా చెప్పేది. నా జీవితంలో ఎందరో పిల్లలకు సున్నాలు వేశాను, ఒక్కదాన్నీ దిద్దలేదు. ఆ రోజు మాత్రం అబద్ధం చెబుదామా అనుకున్నాను, నిజం.

"చదవకు" అంది వదిన నా మొహం చూసి. "ఇలా తే. ప్రకటనలు నా డిపార్ట్‌మెంటు." కాగితం తీసుకుని, గొంతు సవరించుకుని, బస్టాండు గొంతుతో మొదలుపెట్టింది. "ప్రయాణికులకు మనవి. ఇరవై ప్రశ్నలకు గాను మైకమ్మ గారు సరిగ్గా చెప్పినవి... తొమ్మిది." అక్కడ ఆగిపోయింది. కాగితం దించింది. వచ్చి నా చెయ్యి పట్టుకుని తన బుగ్గకు ఆనించుకుంది.

కాలుతోంది. పెనంలా కాదు గానీ, జ్వరం వచ్చిన పిల్ల నుదురులా కాలుతోంది. ఎర్రగా కందిపోయి ఉంది.

"ఇది ఉందా లేదా?"

"ఉంది వదినా."

"నేను అబద్ధం ఆడట్లేదు కదా?"

"లేదు వదినా."

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. నాకు భయం వేసింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్ళాను. వెనక్కి తిరిగితే ఏడుస్తూనే ఉంది, నవ్వుతూ కూడా ఉంది. "ఆరోదానికి గీత కూడా కొట్టించాను!" అని మాత్రం అనగలిగింది. అన్నయ్య తన కాగితం పైకెత్తి చూపించాడు. ఒకటి కాదు, రెండు గీతలు కొట్టాడు. ముగ్గురం నేల మీదికి చేరాం.

డాక్టరమ్మకు ఆ కాగితాలు చూపించాం. ఆవిడ కళ్ళజోడు పైకి నెట్టి, రెండుసార్లు చదివి, "ఎవరు పెట్టారు ఈ పరీక్ష?" అంది. నేను చెయ్యి ఎత్తాను, బడిపిల్లలా.

"బాగా పెట్టారు. ఒక్క మనిషి మీద ఒక్క రోజు చేసినదాంతో ఏదీ తేలిపోదనుకోండి. కానీ మనం వెతకాల్సిన చోటు ఇంకోటి ఉందని చెబుతోంది." వదిన వైపు తిరిగింది. "ఒంట్లో మంట రగులుతూ ఉంటే నరాలు చిన్నదానికీ పెద్దదానికీ ఉలిక్కిపడొచ్చు. ఒకసారి ఉలిక్కిపడిన చోట, మళ్ళీ ఆ వస్తువు కనబడితే చాలు, ఒళ్ళు ముందే భయపడుతుంది. మీ విషయంలో ఇదే జరిగిందని నేనూ ప్రమాణం చేసి చెప్పలేను. మంట మూలం ఎక్కడో చూద్దాం. నోరు తెరవండి."

వదిన నోరు తెరిచింది. డాక్టరమ్మ లైటు వేసి చూసి, "ఇది ఎన్నాళ్ళనుంచి?" అంది. కింద వరసలో వెనక రెండు దంతాల దగ్గర చిగురు వాచి, లోపల చీము పట్టి ఉందట. గంటల తరబడి మాట్లాడే నోరు. అందులోకి పందొమ్మిదేళ్ళుగా ఎవరూ తొంగిచూడలేదు. పళ్ళ డాక్టరు ఒకటి తీసేశాడు, ఒకటి బాగుచేశాడు. డాక్టరమ్మ ఒక ఉత్తరం కూడా రాసిచ్చింది: గాలి ఆడని గదిలో పది గంటలు కదలకుండా కూర్చోవడం కొన్నాళ్ళు మానాలి, నడక కావాలి, నిద్ర కావాలి.

ఆ ఉత్తరం పట్టుకుని వదిన స్టేషన్ మేనేజరు దగ్గరికి వెళ్ళింది. ఆయన బక్కపలచటి మనిషి, ఎప్పుడూ ఏదో ఒక బస్సు ఆలస్యమవుతుందనే దిగులుతో ఉంటాడు.

"అమ్మా, మీకు గది పడదు, మైకు పడదు. మరి ప్రకటనలు ఎలా చేస్తారమ్మా? సైగలతోనా?"

"నోటితో చేస్తాను సార్. కింద ప్లాట్‌ఫారాల మీద నడుస్తూ చెబుతాను. ఒక్క వారం చూడండి. గదిలో నా సెలవు రోజుల్లో మైకు చెప్పే కొత్తమ్మాయి ఎలాగూ ఉంది."

మేనేజరు నుదురు రుద్దుకున్నాడు. "సరే, ఒక్క వారం. మీ గొంతు పోతే మాత్రం నా పూచీ లేదు."

గొంతు సంగతి మా అన్నయ్య చూసుకుంటానన్నాడు. పడకగది రేకులు ఊడదీసి, నోటికి పెట్టుకుని మాట్లాడే బాకా మొదలుపెట్టాడు. పాపం, చేతికి గొట్టాల అలవాటు. మొదటి బాకా మనిషంత పొడుగు వచ్చింది. ఒకరు మోస్తే ఒకరు అరవాలి. మేడ మీద నిలబడి వదిన అందులోంచి "హలో" అంటే రెండు వీధుల అవతల కుక్కలు జవాబిచ్చాయి. రెండోది మూరెడే వచ్చింది. అంచులు చేతికి గీరుకోకుండా మడిచి, పట్టుకునే చోట తోలు చుట్టాడు. ఎంత ముద్దుగా ఉందంటే నేను కూడా అందులోంచి రెండు ఎక్కాలు చదివాను.

మొదటి రోజు వదిన ఆరో ప్లాట్‌ఫారం దగ్గర చెక్క పీట ఎక్కి నిలబడి, బాకా నోటికి పెట్టుకుని, మళ్ళీ దించేసింది. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి జనం ఆవిడను చూస్తున్నారు. ఎవరో ముసలాయన సంచీ కింద పెట్టి ఆసక్తిగా చూశాడు. వదిన కళ్ళు మూసుకుని అందుకుంది. "ప్రయాణికులకు మనవి. పదకొండో నంబరు బస్సు ఆరో ప్లాట్‌ఫారానికి వచ్చి ఉన్నది."

ముసలాయన ఎగిరిపడ్డాడు. "ఈ గొంతు మీదా అమ్మా? నేను ఇన్నేళ్ళూ మిషను అనుకున్నా!"

"నేనూ అప్పుడప్పుడూ అలాగే అనుకునేదాన్ని తాతగారూ" అంది వదిన, బాకాలోంచే. ప్లాట్‌ఫారమంతా గొల్లుమంది.

ఆ తర్వాత ఆవిడను పట్టడం ఎవరి తరమూ కాలేదు. గదిలో ఉన్నప్పుడు ఆవిడ చెప్పడమే గానీ తిరిగి మాట్లాడినవాళ్ళు లేరు. ఇప్పుడు అడుగడుగునా జవాబులే. "ఏడో నంబరు ఎందుకు లేటు?" అని ఒకరు అరిస్తే, "డ్రైవరు గారు ఇప్పుడే టీ గ్లాసు కింద పెట్టారు, లేస్తున్నారు, లేచారు!" అని బాకా. "ఎర్ర సంచీ పెద్దాయనా, మీ బస్సు ఎనిమిదిలో ఉంది, మీరు మూడులో నిద్రపోతున్నారు!" అని బాకా. కొత్తగా పెళ్ళయిన ఒక జంట పోట్లాడుకుంటూ బస్సు మిస్సయితే, తర్వాతి బస్సు ఎప్పుడో చెప్పి, అప్పటిదాకా ఎవరి తప్పో తేల్చుకోమంది. డ్రైవర్లు హారన్ కొట్టి ఆవిడకు బదులు చెప్పడం నేర్చుకున్నారు. రోజుకు ఎన్ని వేల అడుగులు నడిచేదో తెలియదు, ఇంటికొచ్చి తింటూ తింటూనే నిద్రపోయేది. వారం అయిపోయింది. మేనేజరు ఆ మాట ఎత్తలేదు, వదినా గుర్తు చేయలేదు.

బడికి సెలవులిచ్చిన మొదటి రోజు నేను చూసినది చెప్పాలి. స్నేహితురాలి దగ్గరికి వెళదామని పెట్టె పట్టుకుని పొద్దున పదింటికి బస్టాండుకు వచ్చాను. ఊళ్ళో ఉన్న పిల్లలూ పెద్దలూ అంతా అక్కడే ఉన్నట్టున్నారు. ఇసకేస్తే రాలని జనం. అప్పుడు కరెంటు పోయింది. తెరలు ఆరిపోయాయి, మైకు నోరు మూసుకుంది, జనరేటరు కాసేపు గురకపెట్టి ఊరుకుంది. పైగదిలో కొత్తమ్మాయి నల్ల కాగితం చించి కిటికీలోంచి చేతులు ఊపుతోంది. ఒక బస్సు అనుకుని ఇంకో బస్సు ఎక్కినవాళ్ళు దిగుతున్నారు, దిగేవాళ్ళ మీద ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు.

అంతలో బాకా మోగింది. "ఎక్కడివాళ్ళక్కడ ఆగండి! నేను చెప్పేదాకా ఒక్క బస్సు కదలకూడదు, ఒక్క పిల్లాడు ఏడవకూడదు!"

ఒక్క క్షణం అందరూ ఆగారు. ఏడుస్తున్న పిల్లవాడు కూడా.

అక్కడి నుంచి రెండు గంటలపాటు ఆ బస్టాండును వదిన ఒక్కతే నడిపింది. ఒకటో ప్లాట్‌ఫారం నుంచి ఇరవై రెండు దాకా, మళ్ళీ వెనక్కి. ముందు ఆవిడ, వెనక పీట నెత్తిన పెట్టుకుని మేనేజరు. ఆవిడ ఆగిన చోట ఆయన పీట వేస్తాడు, ఆవిడ ఎక్కుతుంది, చెబుతుంది, దిగుతుంది, ఆయన పీట ఎత్తుకుంటాడు. వెళ్ళాల్సిన ఊరి పేరు ఆవిడ అంటే, ఆ బస్సు డ్రైవరు రెండు హారన్లు కొడతాడు, జనం "అదిగో, అదిగో" అని అరుస్తారు. కాసేపటికి జనమే అందుకున్నారు. ఆవిడ ఊరి పేరు అనగానే వేల గొంతులు కలిసి మళ్ళీ అనడం, వెంటనే హారన్లు. నేను ఎక్కాల్సిన బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. నేను పెట్టె మీద నిలబడి, గొంతు పోయేలా, నాకు ఏ పనీ లేని ఊళ్ళ పేర్లు అరుస్తున్నాను.

కరెంటు వచ్చింది. వదిన పీట మీదే కూర్చుండిపోయింది. చీర భుజం దగ్గర చెమటకు తడిసి ముద్దయింది. జనం చుట్టూ మూగి ఫోన్లు ఎత్తి ఫొటోలు తీస్తున్నారు. ఎన్ని ఫోన్లని! తోసుకుంటూ వెళ్ళి, "వదినా, దయమ్మ?" అన్నాను.

ఆవిడ నా వైపు వెర్రిగా చూసింది. బుగ్గ తడుముకుంది. "ఏమో పిల్లా. వచ్చిందేమో. నేను చూసుకోలేదు."

మూడు నెలలకు రక్తం కాగితంలో ఇన్‌ఫ్లమేషన్ గుర్తులు మామూలు స్థాయికి దిగాయి. ఉంగరం ఎక్కుతోంది, దిగుతోంది. తలలో రొద పోయింది. బుగ్గల మంట మాత్రం పూర్తిగా పోలేదు. నెలకు రెండుమూడు సార్లు, ముఖ్యంగా నిద్ర చాలని రోజుల్లో, ఫోను పట్టుకుంటే వస్తుంది. అది ఫోను వల్లో, భయం వల్లో, మరి దేనివల్లో ఆవిడ ఇప్పుడు వాదించదు. ఫోను వంటింట్లో డబ్బాల పక్కన ఉంటుంది, మాట్లాడాలంటే స్పీకరు పెట్టుకుంటుంది. మా అందరికీ ఆవిడ సంగతులన్నీ తెలిసిపోవడానికి అదే కారణం. వారంలో రెండు రోజులు గదిలో కూర్చుంటుంది, మిగతా రోజులు కింద. ఏది నయం చేసిందని డాక్టరమ్మను అడిగితే, "పన్ను, నడక, నిద్ర, నవ్వు... ఏదో ఒకటి. నాకు మార్కులు వేయకండి" అని నవ్వేసింది.

మొన్న ఒకాయన వచ్చాడు, ఎక్కడో దూరపు ఊరి నుంచి. గడియారాలు బాగుచేసే మనిషినని చెప్పాడు. నెత్తి మీద నుంచి భుజాల దాకా, తరంగాలు తగలకుండానట, సన్నటి వెండి దారాల వల. బస్టాండులో అందరూ ఆయన్ను చూస్తుంటే తల వంచుకుని వచ్చి వదినను కలిశాడు. బాకా పట్టుకుంటే ఈ జబ్బు తగ్గుతుందని ఎవరో చెప్పారట.

"బాకాకి ఏ మహిమా లేదన్నయ్యగారూ" అంది వదిన. "ముందు కూర్చోండి. మీకు ఎక్కడ మొదలవుతుంది? బుగ్గా, చెవా?"

"చెవి వెనకాల" అన్నాడు ఆయన. అలా అడిగినవాళ్ళు ఇంతకు ముందు లేరేమో, తల ఎత్తి ఆవిడను చూశాడు.

"నాకు ముందు బుగ్గ, తర్వాత చెవి! చిటపటలాడుతుందా, మండుతుందా?"

"చిటపట."

"అబ్బ, అదృష్టవంతులు!"

ఆయన మొదట బిత్తరపోయాడు, తర్వాత వల లోపల నవ్వడం మొదలుపెట్టాడు. ఇద్దరూ పన్నెండో ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చుని నొప్పులు పంచుకున్నారు. పళ్ళు ఎప్పుడు చూపించుకున్నారని ఆవిడ అడిగింది. డాక్టరమ్మ చిరునామా రాసిచ్చింది. ఇంట్లో పెట్టిన పరీక్ష గురించి, గీత కొట్టించిన ఆరో నంబరు గురించి చెప్పింది. ఆయన వల పైకెత్తి కళ్ళు తుడుచుకున్నాడు. ఈలోగా ఆయన ఊరి బస్సులు మూడు వెళ్ళిపోయాయి. మూడింటినీ మధ్యమధ్యలో లేచి ప్రకటించింది మా వదినే.

నాలుగో బస్సుకు స్వయంగా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఎక్కించి, కిటికీ పక్క సీటు చూపించి, డ్రైవరుకు జాగ్రత్తలు చెప్పి వచ్చింది.